గోల్ ముందు నిలబడ్డ మా అక్క

మంగళవారం పొద్దున బడిలో ఆరో తరగతి పిల్లల చేత డ్రిల్లు చేయిస్తుంటే ఫోను మోగింది. అక్క తమ్ముడు. "అక్క పోయిందండీ" అన్నాడు. రెండేళ్ళుగా ఈ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. అయినా విజిల్ నోట్లోనే ఉండిపోయింది. పిల్లలు చేతులు పైకెత్తి, ఎప్పుడు దించమంటానా అని నా మొహం చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేశారు. ఎక్కడిదో పాత ఫొటో, దాని కింద 'మాజీ హాకీ క్రీడాకారిణి మృతి' అని. పేపరు ఆఫీసుకి ఫోను చేసి తప్పు దిద్దమని చెబుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది. వారం తర్వాత ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. ఆవిడ ఆడింది ఫుట్‌బాల్ అండీ. గోల్ కీపర్. ఆరేడేళ్ళు మన దేశం తరఫున గోల్ ముందు నిలబడింది. నాకు సొంత అక్క కాదు. మా బెజవాడ జట్టులో ఆవిడ తర్వాతి కీపర్ని నేను. అంటే, ఆవిడ ఆడినన్నాళ్ళూ బయట బెంచీ మీద కూర్చున్నదాన్ని.

తొంభైల మొదట్లో నాకు పధ్నాలుగేళ్ళు. మాది గుణదల, నాన్న రైల్వేలో పని చేసేవారు. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉన్నానని మా బడిలో డ్రిల్లు మాస్టారు నన్ను ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి పంపించారు. ఆ రోజుల్లో బెజవాడలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారంటే నవ్వేవాళ్ళు. పదకొండు మందిని పోగు చేయడమే కోచ్ గారికి పెద్ద పని. మగపిల్లల ప్రాక్టీసు అయ్యాక, ఎండ ముదిరేలోపు, ఆ మధ్యలో మిగిలిన కాస్త సమయం మాది.

నేను వెళ్ళిన మొదటి రోజు గోల్ ముందు ఒకమ్మాయి మడమతో మట్టిలో గీత గీస్తోంది. ఒక పోస్టు దగ్గర్నుంచి రెండో పోస్టు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. మధ్యలోకి వచ్చి ఇంకో చిన్న గీత గీసింది. పదిహేడేళ్ళుంటాయి. సన్నటి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వూ కీపరువేనా?"

"అవునండీ."

"అండీ ఏంటే, అక్కా అను. పోయి ఆ బంతులు పట్టుకురా."

అంతే పరిచయం. తర్వాత పదేళ్ళు ఆ బంతులు తెస్తూనే ఉన్నాను.

అక్కవాళ్ళది కొల్లేటి ఒడ్డు ఊరు. చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ నాన్న దోనె మీద వేటకి వెళ్ళేవాడు, వాళ్ళమ్మ కైకలూరు బజార్లో చేపలు అమ్మేది. అక్క ఇంటర్ చదవడానికి బెజవాడ వచ్చి హాస్టల్లో ఉండేది. కీపర్ ఎందుకయ్యావక్కా అని ఒకసారి అడిగాను. గొప్ప కథేదో చెబుతుందనుకున్నాను. "మొదటిరోజు గోల్‌లో నిలబడమంటే అందరూ వెనక్కి తగ్గారు. ఎవరో ఒకళ్ళు నిలబడాలిగా" అంది.

గ్లౌజులు ఉండేవి కావు. ఐసు ఫ్యాక్టరీలో కూలీలు వేసుకునే నూలు తొడుగులు వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకునేది. బంతి తగిలి తగిలి అవి అరచేతుల దగ్గర చిరిగిపోతే, పాత లంగా గుడ్డ వేసి తనే కుట్టుకునేది. ప్రాక్టీసు కాగానే వాటిని కుళాయి కింద ఉతికి, హాస్టలు కిటికీ ఊచలకి తగిలించేది. మ్యాచ్ రోజు మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు తప్ప ఏమీ తినేది కాదు. ఆట మొదలైన దగ్గర్నుంచి నోరు మూసేది కాదు. "నీ వెనకాల మనిషి ఉంది", "కుడివైపు పో", "నాదీ నాదీ" అని అరుస్తూనే ఉండేది. సాయంత్రానికి గొంతు పోయేది. అప్పుడు ఉప్పు వేసిన వేడినీళ్ళు పుక్కిలిస్తూ, చేతి సైగలతో మాట్లాడేది.

నాకు నేర్పినవి తక్కువ మాటల్లోనే నేర్పింది. నేను ప్రతి బంతికీ గాల్లోకి ఎగిరేదాన్ని, చూడ్డానికి బాగుంటుందని. "ముందు నిలబడటం నేర్చుకో. సరైన చోట నిలబడితే ఎగరక్కర్లేదు" అనేది. గోల్ పడితే నేను మోకాళ్ళ మీద కూలబడి నేల కొట్టేదాన్ని. "లే. బంతి తీసి ఇచ్చెయ్. నీ ఏడుపు చూస్తే వాళ్ళకి ఇంకో గోల్ కొట్టాలనిపిస్తది" అనేది. ఇప్పుడు మా బడి పిల్లలకి ఆ మాటలే చెబుతుంటాను. నా మాటలే అనుకుంటారు వాళ్ళు.

ఇక్కడిదాకా రాయడం తేలికే. తర్వాతది రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

నాకు అక్కంటే ఇష్టం. ఆవిడ నిలబడే చోటంటే కూడా అంతే ఇష్టం. జట్టుకి ఇద్దరు కీపర్లుంటే ఒకళ్ళే ఆడతారు. ఆవిడకి జ్వరం వస్తే నాకు బాధగా ఉండేది, బూట్ల తాళ్ళు గట్టిగా కట్టుకోబుద్ధి కూడా అయ్యేది. నేను చేరిన మూడో ఏట, జాతీయ జట్టు క్యాంపుకి అమ్మాయిల్ని ఎంచడానికి పైనుంచి ఇద్దరు పెద్దవాళ్ళు బెజవాడ వస్తున్నారని కోచ్ గారు చెప్పారు. దానికి నాలుగు రోజుల ముందు ప్రాక్టీసులో, పోస్టు పక్కకి పోతున్న బంతి కోసం అక్క ఎగిరి, చెయ్యి పోస్టుకి కొట్టుకుంది. ఎముక చప్పుడు నాకు వినపడింది. ఎందుకంటే ఆ బంతి కొట్టింది నేనే.

అక్క లేచి, ఏమీ కానట్టు బకెట్టు దగ్గరికి వెళ్ళి చెయ్యి నీళ్ళలో ముంచింది. నేను వెనకే వెళ్ళాను. ఉంగరం వేలు అప్పటికే ఉబ్బిపోతోంది.

"టేపు ఉందా నీ దగ్గర?"

"ఉందక్కా. సార్‌కి చెబుదామా?"

"చెప్పకు. మధ్యవేలు, ఇదీ కలిపి కట్టు. గట్టిగా. ఎవరికీ చెప్పకు, విన్నావా?"

మూడు రోజులు రోజూ పొద్దున్నే కట్టాను. కడుతున్నంతసేపూ పళ్ళు బిగపట్టి నా తలమీంచి దూరంగా చూసేది. ఆ చేత్తోనే బంతులు పట్టింది. నాలుగో రోజే సెలక్షన్లు. మూడో రోజు సాయంత్రం కోచ్ గారు ఇంటికి వెళ్ళడానికి సైకిల్ స్టాండు తీస్తుంటే దగ్గరికి వెళ్ళాను.

"సార్, అక్క వేలు విరిగిందేమోనండీ. బాగా నొప్పి పడుతోంది. ఆడితే ఇంకా పాడైపోతుందేమో."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ ఎందుకు చెప్పానో నాకు తెలుసు. కోచ్ గారు నా మొహంలోకి కాసేపు చూసి, సైకిలు మళ్ళీ స్టాండు వేశారు.

అందరి ముందూ అక్కని పిలిచి టేపు విప్పమన్నారు. మెల్లగా, ఒక్కో చుట్టూ విప్పింది. వేలు వంకాయ రంగులో ఉంది. ఎక్స్‌రే తీయిస్తే రెండుచోట్ల విరిగిందన్నారు. మణికట్టు దాకా కట్టు వేశారు.

మర్నాడు గోల్‌లో నేను నిలబడ్డాను. నా వెనకాల, నెట్‌కి అవతల, కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అక్క నేల మీద కూర్చుంది. రాదనుకున్నాను. ఆట మొదలవగానే ఆవిడ గొంతు మొదలైంది. "ఎడమ, ఇంకొంచెం ఎడమ... ఇప్పుడు బయటికి రా... వెనక్కి, వెనక్కి..." ఆ గంటన్నరా అరుస్తూనే ఉంది. నాకు నాలుగు గోల్స్ పడ్డాయి. ఆట అయిపోయాక మంచినీళ్ళ సీసా అందించి, "రెండోది నీ తప్పు కాదు. మిగతా మూడూ నీవే" అంది. కోపంగా అనలేదు. ఎప్పుడూ ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. క్యాంపుకి మా ఇద్దర్నీ తీసుకోలేదు.

ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు. వేలు అతికింది కానీ వంకరగా అతికింది. మళ్ళీ పొద్దున్నే గ్రౌండుకి వచ్చేది. నేను షాట్లు కొట్టేదాన్ని, ఆవిడ పట్టేది.

రెండేళ్ళ తర్వాత అక్క జాతీయ జట్టుకి ఎంపికైంది. మొదటిసారి విదేశానికి వెళ్తోందంటే, రైలెక్కించడానికి స్టేషన్‌కి మేమందరం వెళ్ళాం. వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద చేతులు కట్టుకుని నిలబడి, చాలాసేపటికి కోచ్ గారిని అడిగాడు.

"ఎన్ని రోజులు పోవాలండీ నీళ్ళ మీద?"

"నీళ్ళ మీద కాదండీ, విమానంలో. నాలుగైదు గంటలు."

ఆయన, "అయితే కైకలూరు నుంచి బెజవాడ రావడానికీ అంతే పడుతుందండీ, బస్సు సరిగ్గా దొరక్కపోతే" అన్నాడు. ఆయన ధైర్యం చెప్పుకుంటున్నాడో, మాకు చెబుతున్నాడో తెలియలేదు. అక్క మాత్రం నవ్వింది.

తిరిగి వచ్చాక చేతిలో మామూలు సంచీయే ఉంది. దేశం పేరున్న ట్రాక్‌సూట్ వేసుకొస్తుందని ఎదురు చూశాం. పోటీలు అవ్వగానే ఉతికి వెనక్కి ఇచ్చెయ్యమన్నారట. ఆ సాయంత్రం హాస్టలు మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఒక జట్టు వాళ్ళు తొమ్మిది గోల్స్ కొట్టారట. "ఆ అమ్మాయిలు కొడుతుంటే ముందు చప్పుడు వినపడేదే. బంతి తర్వాత కనపడేది."

"మరి ఏం చేశావక్కా?"

"ఏం చేస్తాను. తొమ్మిదోది పడ్డాక కూడా లేచి బంతి తీసి ఇచ్చాను. ఆ రోజు నేను సరిగ్గా చేసింది అదొక్కటే."

మా వీధిలో, ఆవిడ హాస్టల్లో, బస్సుల్లో, ఎన్ని తిన్నావమ్మా అని అడిగేవాళ్ళు. తొమ్మిదండీ అని చెప్పేది. దాచేది కాదు. ఎన్ని ఆపావని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ అదే జట్టుతో ఆడాల్సి వచ్చింది. ఈసారి ఒక్కటే గోల్ ఇచ్చింది. ఓడిపోయారు, కాబట్టి ఇక్కడ పేపర్లో రాలేదు. కానీ ఆట అయ్యాక అవతలి జట్టు కీపర్ మైదానం మొత్తం దాటి ఈవిడ దగ్గరికి వచ్చిందట. చెయ్యి కలపబోయి, గ్లౌజు తీసిన అక్క వంకర వేలు చూసి ఆగిందట. తన ఎడమ చెయ్యి గ్లౌజు విప్పి, చిటికెన వేలు చూపించిందట. అదీ వంకరే. ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు. ఇద్దరూ వేళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకుని నవ్వుకున్నారట. ఆటలో తనకి దొరికిన వాటిలో అక్క పదేపదే చెప్పుకున్నది ఇదొక్కటే.

ఆ రోజుల్లోనే మాత్రలు మొదలయ్యాయి. భుజం జారింది ఒకసారి, మోకాలు రెండుసార్లు. విశ్రాంతి తీసుకుంటే వేరే రాష్ట్రం అమ్మాయి ఆ చోటులోకి వస్తుంది. ఆ భయం ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నొప్పి మాత్రలు రోజుకి ఒకటి, తర్వాత రెండు, మ్యాచ్ రోజు నాలుగు. ఊళ్ళో ఉన్నప్పుడు గవర్నర్‌పేట మందుల షాపుకి వెళ్ళి ఆ స్ట్రిప్పులు కొనుక్కొచ్చింది చాలాసార్లు నేనే. "ఇన్ని మింగుతున్నావేంటక్కా" అని ఒకసారి అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. అంతే, నోరు మూసుకున్నాను. కోచ్ గారికి చెప్పొచ్చు. ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఒకసారి చెప్పి ఉన్నాను కదా. రెండోసారి చెప్పే మొహం నాకు లేదు.

ఆడటం మానేశాక స్పోర్ట్స్ కోటాలో గవర్నర్‌పేటలోనే ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి చేర్చే పని. పక్క సీటాయన రెండేళ్ళ దాకా ఆవిడ కబడ్డీ ఆడేదనుకున్నాడు. ఆవిడ దిద్దలేదు. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడల్లా ఏదో ఒక క్యాంపులో ఉండేది, తర్వాత సంబంధాలే రావడం మానేశాయి. రోజూ పొద్దున ఆరింటికి గ్రౌండులో ఆడపిల్లలకి నేర్పి, తొమ్మిదిన్నరకి తల దువ్వుకుని ఆఫీసుకి వెళ్ళేది. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది కూడా ఆవిడ వెంటపడి నా చేత పరీక్ష రాయిస్తేనే. దరఖాస్తు ఫారం తనే తెచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నింపించింది.

ఒక వేసవిలో కాళ్ళు వాచాయి. ఎండకేమో అనుకుంది. ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం. పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఎన్నేళ్ళు వాడారమ్మా ఆ మాత్రలు అని డాక్టరు అడిగితే అక్క నా వైపు చూసింది, తనకి గుర్తులేదన్నట్టు. నాకు గుర్తుంది. చెప్పాను.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్. బుధవారం తమ్ముడు వచ్చేవాడు, శనివారం బడి ఒంటిపూటే కాబట్టి నేను వెళ్ళేదాన్ని. నాలుగు గంటలు మిషను పక్కన కూర్చోవడం. మొదట్లో కబుర్లు చెప్పుకునేవాళ్ళం, తర్వాత ఇద్దరికీ ఓపిక తగ్గిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకునేది, నేను పిల్లల నోటు పుస్తకాలు దిద్దేదాన్ని. నీళ్ళు రోజుకింతే తాగాలని కొలత పెట్టారు. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో పుట్టిన మనిషి, చెంచాతో పెదాలు తడుపుకునేది.

పోయిన ఏడాది ఒక శనివారం, ఇంక మోయలేక అన్నాను.

"అక్కా, ఆ సెలక్షన్లప్పుడు వేలి సంగతి సార్‌కి చెప్పింది నేనే."

కళ్ళు తెరవలేదు. "తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. టేపు విప్పమన్నప్పుడు అందరూ నా చెయ్యి చూశారు. నువ్వొక్కదానివే నేల చూశావు."

పదిహేనేళ్ళు పైనే అయింది అప్పటికి. "కోపం రాలేదా?" అన్నాను.

"ఎందుకు రాదు. రెండేళ్ళు ఉంది. తర్వాత అలిసిపోయాను. కోపం పెట్టుకోవడం కూడా పనే కదే."

"మరి ఒక్కసారి కూడా అడగలేదే?"

"అడిగితే నువ్వు రావడం మానేసేదానివి. పొద్దున్నే వచ్చి నాకు షాట్లు కొట్టేదెవరు?"

పక్క మంచం దగ్గర నర్సు ఏదో సరిచేస్తోంది. ఆమె వెళ్ళేదాకా ఆగాను.

"అది చెప్పినందుకే అక్కా, ఈ మాత్రల సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను."

నిద్రపోయిందనుకున్నాను.

"చెప్పాల్సింది" అంది. తర్వాత, "నేను వినేదాన్ని కాదులే. అయినా చెప్పాల్సింది."

అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. తర్వాతి శనివారం వెళ్ళేసరికి మాత్రం, కూర్చోవడానికి నాకు కుర్చీ కావాలని నర్సుకి చెప్పి తెప్పించి ఉంచింది.

వాళ్ళ ఊళ్ళోనే సాగనంపారు. హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు మారి వెళ్ళాను. ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయిలు తొమ్మిది మంది వ్యాన్‌లో వచ్చారు. ఏం చెయ్యాలో తెలియక గోడ పక్కన వరసగా నిలబడ్డారు. అంతా అయ్యాక వాళ్ళమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. డెబ్బై దాటిన మనిషి. కూతురి ఆట ఒక్కసారి కూడా చూడలేదు. తెల్లారి లేస్తే చేపల బజారు, ఎప్పుడు చూస్తుంది?

"అమ్మాయ్, నువ్వు దానితో ఆడావు గదా. అది అక్కడ ఏం చేసేదమ్మా? అందరూ బంతి తంతారంట, ఇది తన్నదంట గదా?"

"తన్నదు పెద్దమ్మా. ఆపేది. అవతలివాళ్ళు తన్నిన బంతి లోపలికి పోకుండా చేతుల్తో పట్టేది. మిగతావాళ్ళకి చేతులు వాడే హక్కు లేదు. అక్కకే ఉండేది."

"అందర్లోకీ దానికొక్కదానికేనా?"

"అవును పెద్దమ్మా. ఒక్కదానికే."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, వ్యాన్‌లో వచ్చిన పిల్లలు ఏమన్నా తిన్నారో లేదో కనుక్కోవడానికి లేచింది.

అక్క గుర్తొస్తే నాకు గోల్‌లో నిలబడ్డ మనిషి కాదు, ఈ మధ్య ఒక శనివారం సాయంత్రం కనపడుతోంది. డయాలసిస్ అయ్యాక ఆటోలో ఇంటికి తీసుకెళ్తున్నాను. బందరు రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన ఒక కాలేజీ ప్రహరీ కూలి ఉంది, ఆ సందులోంచి లోపల గ్రౌండు కనపడుతోంది. ఎవరో పిల్లలు సాయంత్రపు ఎండలో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అక్క సీటుకి తల ఆనించి, నీరసంగా అటే చూస్తోంది. బంతి ఎడమ వైపుకి వెళ్ళింది. ఆవిడ వాచిన పాదం ఆటో నేల మీద కొంచెం ఎడమకి జరిగింది. బంతి మధ్యలోకి వచ్చింది, రెండో పాదం వచ్చి దాని పక్కన చేరింది. వీపు సీటు వదిలి ముందుకి వంగింది. గోల్‌లో ఉన్న పిల్లవాడు తప్పు చోట నిలబడ్డాడు. అవతలివాడు కాలు వెనక్కి తీశాడు. అప్పుడే ముందు బస్సు కదిలింది, మా ఆటో కూడా కదిలింది. గోడ అడ్డం వచ్చింది. ఆ బంతి ఏమైందో మేం చూడలేదు. అక్క రెండు చేతులూ, సూది పెట్టిన చోట దూది అంటించి ఉన్న ఆ చేతులు, ఒళ్ళోంచి జానెడు పైకి లేచి, అరచేతులు విప్పి, గాల్లో అలాగే ఉన్నాయి.